తొంభై ఫ్రేములు, ఒక కాకి

ఒక ట్రైలర్ లారీ గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో వెళ్లిందని నా షాపులో తయారైన వీడియో చెప్పింది. ఆ వేగాన్ని లెక్కగట్టి, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టిందీ నేనే. నిజానికి ఆ బండి పద్నాలుగున్నర కూడా దాటలేదు. ఈ రెండు అంకెల మధ్య తేడా వల్ల ఒక డ్రైవరు ఉద్యోగం పోబోయింది. ఉద్యోగంతో పాటు హెవీ లైసెన్సు కూడా పోయేదే. అది పోతే ఆ మనిషికి వేరే పని రాదు.

గాజువాకలో చాలా ఏళ్లు వీడియో, ఆడియో పని చేశాను. పెళ్లి వీడియోలు కలపడం, పాత క్యాసెట్లను ఫైళ్లుగా మార్చడం, ఒక యంత్రంలో ఆడని ఫైలును ఇంకో యంత్రంలో ఆడేలా చేయడం, ఇదీ నా వృత్తి. ఈ వేసవిలో షాపు తాళాలు వేరే వాళ్లకు అప్పగించాను. యాభై ఆరేళ్లకే ఎందుకని కొందరు అడిగారు. కళ్లు ఇక చాలన్నాయి, అంతే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో, ఏ కెమెరా మంచిదో చెప్పను. అవి ఏడాదికోసారి మారతాయి. నా తప్పులు మాత్రం మారలేదు. వాటి గురించి చెబుతాను.

ముందే ఒక మాట. నేను దీన్ని ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. ఇంటర్ తప్పాను, అది కూడా లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. సాఫ్ట్‌వేర్ల సహాయ పేజీలను నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం చదివి నేర్చుకున్నాను. అంకెలుంటే నాకు ధైర్యం. ఆ ధైర్యమే ఒకసారి నన్ను ముంచింది.

పెట్టె చూసి చేప కొనకు

నాకు పని నేర్పింది కనకరాజు గారు. పాత గాజువాకలో వీడియో మిక్సింగ్ షాపు ఆయనది. మనిషికి కోపం ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను చేరిన కొత్తలో ఒకాయన సీడీ తెచ్చాడు. దాంట్లో ఉన్న వీడియో ఆయన ఇంటి ప్లేయర్‌లో ఆడడం లేదు. మాట వినబడుతోంది, బొమ్మ లేదు. నేను ఫైలు పేరు చివర చూశాను. ఏవీఐ అని ఉంది.

"నిన్న ఆడింది కూడా ఏవీఐ ఫైలే కదండీ. ఇది ఎందుకు ఆడదు?" అన్నాను.

కనకరాజు గారు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. "ఫిషింగ్ హార్బర్‌కి ఎప్పుడైనా ఎల్లినావా?"

"వెళ్లానండి."

"తెల్లటి థర్మాకోల్ పెట్టెలు వరసగా పెడతారు. అన్నీ ఒకలాగే ఉంటాయి. ఒకదాంట్లో వంజరం ఉంటాది, ఒకదాంట్లో కవళ్లుంటాయి, ఒకదాంట్లో ఉత్త ఐసు ఉంటాది. పెట్టె సూసి సేప కొంటావేటి?"

"కొననండి."

"మరి మూత తీసి సూడు."

ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ ఇవన్నీ పెట్టెలు. లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించారు, మాటను ఏ పద్ధతిలో కుదించారు అన్నది వేరే సంగతి. ఆ పద్ధతి పేరే కోడెక్. పెట్టె తెరవడం వచ్చినంత మాత్రాన లోపలిది విప్పడం రాదు.

కోడెక్‌ను నేను వల మడతతో పోల్చి చెబుతుంటాను. యారాడ ఒడ్డున పడవలోకి వల ఎక్కించేటప్పుడు చూడండి. తేలే బెండ్లు ఒక పక్కకు, సీసపు గుండ్లు ఒక పక్కకు వచ్చేలా మడత మీద మడత వేస్తారు. ఆ వరస తెలిసినవాడు విడిస్తే వల నీళ్లలోకి మెత్తగా జారిపోతుంది. తెలియనివాడు లాగితే చిక్కు పడుతుంది. తెరమీద మీరు చూసే ఆకుపచ్చ గళ్లు, ఆగి ఆగి కదిలే ముఖాలు చాలాసార్లు అలాంటి చిక్కులే. ఫైలు పాడైపోయిందని చెరిపేయకండి. ముందు మడత ఏదో కనుక్కోండి.

ఇక బిట్ రేటు. సెకనుకు ఎంత సమాచారం ఖర్చు పెడుతున్నామన్నదే బిట్ రేటు. కుళాయి ధార అనుకోండి. ధార ఎంతో, ఎంతసేపు తిప్పి ఉంచామో తెలిస్తే బిందెలో నీళ్లెన్నో చూడకుండానే చెప్పొచ్చు. నూట ఇరవై ఎనిమిది కిలోబిట్ల ధారతో నాలుగు నిమిషాల పాట అంటే రెండు వందల నలభై సెకన్లు. గుణిస్తే ముప్పై వేల ఏడు వందల ఇరవై కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే మూడు వేల ఎనిమిది వందల నలభై కిలోబైట్లు, దాదాపు నాలుగు ఎంబీ. ఈ లెక్క తిరగేసి కూడా పనిచేస్తుంది. బిందెలో నీళ్లు, ధార తెలిస్తే కుళాయి ఎంతసేపు తిప్పారో తెలుస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి. ముందుముందు పనికొస్తుంది.

ఇసకలో తాళాలు

మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే రోజుల్లో నా షాపు ముందు జనం నిలబడేవారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఎన్ని పాటలు పడతాయి? ఎక్కువ పాటలు పట్టించిన షాపు గొప్ప షాపు. నేను ప్రతి పాటనూ అరవై నాలుగు కిలోబిట్లకు దింపి, పక్క షాపుకన్నా రెట్టింపు పాటలు పట్టించేవాణ్ని. గర్వంగా ఉండేది.

సూరన్న అని ఒక పెద్దాయన ఉండేవాడు. భజన బృందంలో తాళాలు వాయిస్తాడు. తమ భజన రికార్డింగును నా దగ్గర కార్డులో వేయించుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం వచ్చి ఫోను నా చెవి దగ్గర పెట్టాడు.

"నా తాళాలేవి?"

"వినబడుతున్నాయి కదండీ."

"తాళాలేటి, ఎవుడో ఇసకలో నడుత్తన్నట్టుంది."

నిజమే. తక్కువ ధారలో ముందు నలిగేవి తాళాలు, గజ్జెలు, 'స' అనే అక్షరం. గొంతు నిలబడుతుంది, గణగణ పోతుంది. నేను ఆ కార్డులోని అరవై నాలుగు కిలోబిట్ల ఫైలునే తీసుకుని మూడు వందల ఇరవైకి పెంచి ఇచ్చాను. సూరన్న విన్నాడు.

"ఇసక అదే బాబూ. తట్ట పెద్దదైనాది."

పారేసినదాన్ని అంకె పెంచి వెనక్కి తేలేమని ఆయన నాకు ఒక్క మాటలో చెప్పాడు. అదృష్టం కొద్దీ అసలు రికార్డింగు ఆయన మనవరాలి దగ్గర ఉంది. లేకపోతే ఆ భజన ఇసకలోనే ఉండిపోయేది. అప్పటినుంచి ఎవరి అసలు ఫైలునూ నేను చెరపలేదు. ఆ అలవాటే తరవాత ఒక మనిషిని కాపాడింది. ఇక ఆ సంగతికి వస్తాను.

మూర్తి గారి పెన్‌డ్రైవ్

పోర్టు దగ్గర ఉక్కు సరుకు దించే ఒక ప్రైవేటు యార్డు ఉంది. అక్కడ సేఫ్టీ ఆఫీసరు మూర్తి గారు ఒక ఉదయం నా షాపుకి వచ్చారు. నిదానమైన మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. చేతిలో పెన్‌డ్రైవ్, ఒక చీటీ.

"అప్పారావు గారూ, ఇది మా సీసీ కెమెరా రికార్డరు నుంచి తీసిందండి. మా కంప్యూటర్లో ఆడడం లేదు. మామూలుగా ఆడేలా చేసివ్వాలి."

యార్డులో ప్రమాదం జరిగింది. ఉక్కు రేకు చుట్టను, అంటే కాయిల్‌ను, ఎక్కించుకున్న ట్రైలర్ మలుపు తిరుగుతుండగా సరుకు లెక్క రాసుకునే గుమాస్తాకు తగిలింది. కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. డ్రైవరు పేరు పైడిరాజు. యార్డులో వేగం ఇరవై దాటకూడదు. దాటాడా లేదా అన్నది విచారణ కమిటీ తేల్చాలి. దాటితే డ్రైవరును తీసేసి, లైసెన్సు రద్దుకు రాస్తారు.

పైడిరాజు నాకు కొంచెం తెలుసు. యారాడ మనిషి. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకు వెళ్తారు. తను మాత్రం డ్రైవింగు నేర్చుకుని గాజువాకలో కాపురం పెట్టాడు. బండిలో వేసుకునే పాటలు నా దగ్గరే ఎక్కించుకునేవాడు. పరిచయం ఉంది కదా అని లెక్కలో మొగ్గు చూపకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ అనుకోవడం మంచిదే. కానీ మొగ్గు చూపకపోవడం, సరిగ్గా చూడడం ఒకటి కావు.

ఫైలు మార్చాను. ఆడింది. ట్రైలరు ఒక మూలన చిన్నగా ఉందని, దాన్నే పెద్దది చేసి ఇవ్వమన్నారు మూర్తి గారు. బొమ్మ చుట్టూ కత్తిరించాను. పైన మూలలో ఉన్న తేదీ, గడియారం ఆ కత్తిరింపులో పోయాయి. ఆ అంకెలు మసకగా, చదవడానికి రాకుండా ఉన్నాయి కాబట్టి పోతే పోయాయనుకున్నాను.

"ఈ దీపస్తంభం నుంచి ఆ దీపస్తంభానికి ముప్పై మీటర్లండి," అన్నారాయన. "ఎంతసేపట్లో వెళ్లాడో చెప్పగలరా?"

ఇలాంటి ప్రశ్న కోసమే నేను పుట్టాననుకున్నాను. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టాను. స్తంభం నుంచి స్తంభానికి తొంభై ఫ్రేములు. వీడియో సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములని నా సాఫ్ట్‌వేర్ చూపిస్తోంది. తొంభైని ఇరవై అయిదుతో భాగిస్తే మూడు పాయింట్ ఆరు సెకన్లు. ముప్పై మీటర్లు మూడు పాయింట్ ఆరు సెకన్లలో అంటే గంటకు సరిగ్గా ముప్పై కిలోమీటర్లు. శేషం లేకుండా వచ్చింది. శేషం లేని లెక్క అబద్ధం చెప్పదని ఒక నమ్మకం ఉండేది నాకు. కాగితం మీద నీటుగా రాసి సంతకం పెట్టాను.

లెక్క తప్పు కాదు. ఇరవై అయిదు తప్పు.

ఎండు చేపల దగ్గర పెరిగిన మనిషి

అయిదు రోజుల తరవాత ఒక ఆవిడ షాపుకి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చెప్పులు బయటే విడిచి, కౌంటరు ముందు నిలబడింది.

"అప్పారావంటే నువ్వేనా బాబూ?"

"నేనేనమ్మా."

"నాను పైడిరాజు పెళ్లాన్ని. పోలమ్మంటారు. మాయన్ని పనిలోంచి తీసీత్తారట. ముప్పైలో తోలినాడని నువ్వు రాసిచ్చినావట. ఆ వీడియో నాకు సూపించు."

ఆ ఫైలు నా ఖాతాదారుది. ఇంకొకరికి చూపించకూడదు. అదే చెప్పాను.

"నాను ఎత్తుకుపోతానేటి? ఇక్కడే నిలబడి సూత్తాను. నా మొగుడు ఏం తప్పు సేసినాడో నా కళ్లతో సూడొద్దేటి?"

చూపించాను. అది సరైన పనో కాదో మీరు నిర్ణయించుకోండి. నేను మాత్రం మళ్లీ ఆ పరిస్థితి వస్తే మళ్లీ చూపిస్తాను.

ఒకసారి చూసింది. మళ్లీ వేయమంది. మూడోసారి చూసేటప్పుడు ఆమె బండిని చూడడం లేదు. తెర కింది మూలకు వేలు పెట్టింది.

"ఆ కాకేటి, అలగ గెంతుతాంది?"

పేర్చిన ఇనుప ప్లేట్ల మీద ఒక కాకి ఉంది. నేను ఆ వీడియోను ఇరవై సార్లన్నా చూసి ఉంటాను. ఆ కాకిని చూడలేదు.

"కాకులు గెంతుతాయి కదమ్మా."

"నాకు సెప్తావేటి? యారాడ ఒడ్డున ఎండు సేపల కాడ కూకుని కాకుల్ని తోలడమే నా సిన్నప్పటి పని. కాకి ఒక గెంతు గెంతి ఆగుతాది. మెడ తిప్పి సూత్తాది. ఎవులూ సూడనేదంటే ఇంకో గెంతు. దొంగ కదేటి, సూసుకోకుండా అడుగెయ్యదు. దీనికేటి, దెయ్యం పట్టినట్టు టకటకా తిరిగేత్తాంది."

ఆమె ఇంకా మాట్లాడుతోంది, నాకు వినబడలేదు. మూర్తి గారి చీటీ కోసం ఫైలు కట్టలో వెతికాను. దొరికింది. ఆయన చేతి రాతతోనే ఉంది: ఉదయం పది నలభై నుంచి పది నలభై మూడు వరకు. అంటే మూడు నిమిషాలు, నూట ఎనభై సెకన్లు.

నేను మార్చిన మొత్తం వీడియో నిడివి చూశాను. ఒక నిమిషం ఇరవై ఆరు సెకన్లు. ఆ రోజు కూడా ఇదే చూశాను. మూర్తి గారు తక్కువ ఇచ్చారేమో అనుకుని వదిలేశాను. 'అనుకుని వదిలేశాను' అన్నదే నా తప్పు పేరు. ఈ వృత్తిలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు.

అసలు ఫైలు తెరిచాను. చెరపని అలవాటు ఉంది కాబట్టి అది నా దగ్గరే ఉంది. అది పెట్టె లేని ఫైలు. ఉత్త మడత మాత్రమే ఉంది, సెకనుకు ఎన్ని ఫ్రేములో దాంట్లో ఎక్కడా రాసి లేదు. రాసి లేనప్పుడు నా సాఫ్ట్‌వేర్ ఇరవై అయిదు అనుకుంటుంది. అది ఊహించింది, నేను నమ్మాను.

మొత్తం ఫ్రేములు లెక్క తీశాను. రెండు వేల నూట అరవై. నూట ఎనభైతో భాగిస్తే పన్నెండు. ఇరవై అయిదు కాదు, పన్నెండు. రెండో దారిలో కూడా సరిచూశాను. ఆ రికార్డరు ధార అయిదు వందల పన్నెండు కిలోబిట్లని మూర్తి గారే చీటీలో రాశారు. ఫైలు సైజు పదకొండున్నర ఎంబీ. బిందె, ధార తెలిస్తే సమయం వస్తుంది. మళ్లీ నూట ఎనభై సెకన్లే వచ్చాయి.

తొంభై ఫ్రేములు, సెకనుకు పన్నెండు. ఏడున్నర సెకన్లు. ముప్పై మీటర్లు. గంటకు పద్నాలుగు పాయింట్ నాలుగు.

"ఏటి రాత్తన్నావు?" అంది పోలమ్మ.

"తప్పు జరిగిందమ్మా."

"ఎవులు సేసినారు?"

"నేనే."

నేను వీడియోను పన్నెండు ఫ్రేములకు మార్చి వేశాను. కాకి గెంతింది, ఆగింది, మెడ తిప్పింది, మళ్లీ గెంతింది. దాని వెనక ట్రైలరు బరువుగా, నెమ్మదిగా మలుపు తిరిగింది.

"అదీ. కాకంటే అదీ," అంది. తరవాత నా వైపు తిరిగింది. "మరి ఎల్లి సెప్పు."

"రేపు పొద్దున్నే..."

"రేపేటి? రేపు సంతకాలెట్టీత్తారట. ఇప్పుడే నడు."

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షట్టరు దించాను. ఇద్దరం షేర్ ఆటో ఎక్కాం.

రెండూ మీరే చేశారు

యార్డు గేటు దగ్గర పైడిరాజు ఉన్నాడు. లోపలికి రానివ్వడం లేదు. గోడ నీడలో కూర్చుని ఉన్నవాడు నన్ను చూసి లేచాడు.

"ఏటి బావ, నన్ను పాతీసినాక మట్టి కప్పడానికొచ్చినావా?"

"తప్పు లెక్క ఇచ్చాను పైడిరాజూ. దిద్దడానికి వచ్చాను."

"ఇరవై అయిదు టన్నుల కాయిలెట్టుకుని ఆ మలుపులో ముప్పైలో తోల్తే కాయిల్ నా నెత్తి మీదుండును. నువ్వు లెక్కలోడివి కదా. అది తట్టనేదేటి?"

తట్టలేదు. తట్టి ఉండాల్సింది. ఏ అంకె వచ్చినా అది లోకంలో కుదురుతుందా అని అడగాలి. డ్రైవరును ఒక్క మాట అడిగి ఉంటే చాలు. నేను అడగలేదు. తెర ముందు కూర్చున్నవాడికి తెర బయట మనుషులున్నారని గుర్తుండదు.

మూర్తి గారి గదిలో కమిటీ వాళ్లు నలుగురు ఉన్నారు. నా కాగితం, చీటీ, భాగహారాలు అన్నీ ముందు పెట్టి చెప్పాను. మూర్తి గారు ఓపికగా విన్నారు. చివర్లో కళ్లజోడు తీసి అడిగారు.

"అప్పారావు గారూ, మొదటి వీడియో మీరే చేశారు. సంతకం పెట్టారు. ఇప్పుడు రెండోది కూడా మీరే చేసి, మొదటిది తప్పంటున్నారు. బయట డ్రైవరు భార్య నిలబడి ఉంది. మేం ఏది నమ్మాలండి?"

నాకు కోపం రాలేదు. ఆ స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. నా అంకెలు వాళ్లకు అంకెలే. మాట పోగొట్టుకున్నవాడు లెక్కతో దాన్ని తిరిగి తెచ్చుకోలేడు. వాళ్లంతట వాళ్లు చూడాలి.

"నన్ను నమ్మొద్దండి," అన్నాను. "ఆ రెండు స్తంభాల మధ్య నేను నడుస్తాను. మీ గడియారంతో మీరే చూడండి. అదే కెమెరా, అదే రికార్డరు. ఆ రోజు తీసినట్టే ఫైలు తీయండి. అదే సాఫ్ట్‌వేర్‌లో, అదే పద్ధతిలో, మీ కళ్ల ముందే మారుస్తాను."

వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. పైడిరాజును కూడా లోపలికి పిలిపించారు.

యార్డులో పని ఆపి కూలీలు చుట్టూ చేరారు. ఎండ మండుతోంది. నా పొట్ట సంగతి నాకు తెలుసు, నడక సంగతీ తెలుసు. స్తంభం నుంచి స్తంభానికి మామూలుగా నడిచాను. మూర్తి గారి గడియారంలో ఇరవై అయిదు సెకన్లు.

మూర్తి గారి గదిలోకి ఫైలు తెచ్చారు. కూలీలు కూడా వెనకే వచ్చి గది నిండా నిలబడ్డారు. నా ల్యాప్‌టాప్‌లో అందరి ముందూ మార్చాను. ఆడించాను.

తెరమీద నేను టకటకా దూసుకుపోతున్నాను. చేతులు లోలకాల్లా ఊగుతున్నాయి. పొట్ట ముందు, నేను వెనక. పన్నెండు సెకన్లలో రెండో స్తంభం దాటేశాను. ముందు ఒక కూలీ కిసుక్కుమన్నాడు.

"కోడిపుంజు బావ, కోడిపుంజు," అన్నాడు ఇంకొకడు.

గదంతా నవ్వింది. కమిటీలో ఒకాయన కూడా నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నేనూ నవ్వాను.

పైడిరాజు నవ్వలేదు. "నన్ను కూడా ఇలగే సూపించినారు," అన్నాడు. "అప్పుడెవులూ నవ్వనేదు."



అప్పుడు ఎవరూ ఎందుకు నవ్వలేదో చాలా రోజులు ఆలోచించాను. మనిషిని రెట్టింపు వేగంతో నడిపిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, నవ్వొస్తుంది. లారీకి కాళ్లుండవు. రెట్టింపు వేగంతో ఆడించిన లారీ వింతగా కనిపించదు. దోషిలాగా కనిపిస్తుంది, అంతే. ఆ రికార్డరులో శబ్దం కూడా లేదు. ఉండి ఉంటే గొంతులు కీచుమనేవి, మొదటి నిమిషంలోనే తప్పు పట్టుబడేది.

మూర్తి గారు నా మొదటి కాగితం మీద అడ్డంగా గీత గీసి, నా చేతే దాని కింద 'తప్పు' అని రాయించి సంతకం తీసుకున్నారు. "ఇది ముందే చూసుకుని ఉండాల్సింది," అన్నారు.

"ఉండాల్సిందండి," అన్నాను.

వేగం మీద అభియోగం కొట్టేశారు. మనుషులు నడవాల్సిన దారిలో ఇనుప ప్లేట్లు పేర్చారనీ, అందుకే ఆ గుమాస్తా బండ్ల దారిలోకి దిగాడనీ తేలింది. మలుపులో హారన్ కొట్టనందుకు పైడిరాజుకు ఒక మెమో ఇచ్చారు. హారన్ కొట్టలేదన్నది నిజమే, అతనే ఒప్పుకున్నాడు. తరవాతి వారం మళ్లీ బండెక్కాడు.

మీరు చేయాల్సింది

ఆ రోజు తరవాత నా షాపు నుంచి బయటకు వెళ్లిన ప్రతి ఫైలు పేరులో మూడు అంకెలు ఉన్నాయి: అసలులో ఎన్ని ఫ్రేములు, గడియారం ప్రకారం ఎన్ని సెకన్లు, భాగిస్తే ఎంత. మూడోది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేకపోతే ఫైలు ఇవ్వను. ఖాతాదారు వెళ్లిపోయినా సరే.

గడియారాన్ని కత్తిరించమంటే కత్తిరించకండి. చదవడానికి రాకపోయినా ఉంచండి. మసక బొమ్మను ఏఐతో తేటగా చేసిమ్మని ఇప్పుడు చాలామంది వస్తున్నారు. పెళ్లి వీడియో అయితే చేయండి, ముచ్చట పడతారు. ఒక మనిషి తప్పొప్పులు దాని మీద ఆధారపడి ఉంటే మాత్రం చేతులు ముడుచుకోండి. పోయిన చోట యంత్రం తనకు తోచింది గీస్తుంది. సూరన్న ఇసకను తాళాలని పేరు మార్చి అమ్మడమే అది.

పెద్ద అంకెలకు లొంగకండి. ఫోర్‌కే అని రాసి, ధార పిసినారిగా వదిలిన వీడియో కన్నా, చిన్న సైజులో ధారాళంగా వదిలింది మేలు. ఖాతాదారుకు ఇది ఓపికగా వివరించండి. సగం మంది వినరు. అయినా చెప్పండి.

అన్నిటికన్నా ముందు, లెక్క మొదలుపెట్టకముందు, తెరమీద బతికున్నది ఏదైనా ఉందేమో చూడండి. కాకి, కుక్క, నడిచే మనిషి. అది సరిగ్గా కదులుతోందా అని చూడండి. మీకు తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి. వాళ్లు కంప్యూటరు ముట్టుకుని ఉండనక్కరలేదు.

పైడిరాజు మళ్లీ నా షాపుకి రాలేదు. రెండు నెలలకోసారి పోలమ్మ వచ్చేది, ట్రైలర్లో వేసుకునే పాటల పెన్‌డ్రైవ్ పట్టుకుని. నేను ప్రతి పాటనూ మూడు వందల ఇరవైలోనే ఎక్కించేవాణ్ని, అసలు నుంచి. పాటలు తక్కువ పడతాయి, తాళాలు వినబడతాయి. నేను షాపు అప్పగించే వారంలో కూడా ఆమె వచ్చింది. పెన్‌డ్రైవ్‌తో పాటు కాగితంలో చుట్టిన ఎండు మెత్తళ్ల చేపలు కౌంటరు మీద పెట్టింది.

"ఆయన పంపాడా?" అన్నాను.

"నాను తెచ్చినాను. ఆడికి నీ మీద కోపం పోనేదు."

మూడేళ్లుగా అడుగుతున్నదే మళ్లీ అడిగాను. "ఎప్పటికి పోతుందంటావు?"

"పోతే సెప్తాను కదేటి," అంది. పెన్‌డ్రైవ్ కొంగుకి ముడేసుకుని, చెప్పులేసుకుంది. "మెత్తళ్లు ఎండలో పెట్టుకో. కాకుల్ని సూసుకో."